యాక్సిల్ మతత్రయం

ఏ స్కూలు పరిధిలో ఇల్లు కొనాలి, పిల్లవాడిని ఏ కోచింగులో చేర్చాలి, అమ్మానాన్నల వీసాకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి వంటి చిన్నాచితకా విషయాలు డాలస్ శివారు తెలుగువారి మధ్య ఏదో ఒక శనివారం సాయంత్రం తేలిపోతూనే ఉంటాయి. ఎన్ని శనివారాలు గడిచినా తేలనిది ఒక్కటే: జీపుకు 37 అంగుళాల టైర్లు వేయించాక యాక్సిల్‌లో, అంటే చక్రాలను తిప్పే ఇరుసులో, ఏ గేరు పెట్టించాలి? ఇంతటి సమస్యను మేధావులు ఇంతవరకు పట్టించుకోకపోవడం శోచనీయం.

అసలు అంత పెద్ద టైర్లు ఎందుకు వేయించారని అడిగేవారు ఈ వ్యాసాన్ని ఇక్కడే ముగించవచ్చు. అది మర్యాదస్తులు అడిగే ప్రశ్న కాదు.

జీపుల్లో రాంగ్లర్ రూబికాన్ అనే రకం మామూలుగా కంపెనీ నుంచి 33 అంగుళాల టైర్లతో, 4.10 నిష్పత్తితో వస్తుంది. అంటే యాక్సిల్‌లో ఉండే పెద్ద పళ్ల చక్రానికి, క్రౌన్ వీల్‌కు, 41 పళ్లు, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రానికి, పినియన్‌కు, 10 పళ్లు. ఇంజన్ శక్తిని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగు చుట్ల పైచిలుకు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. టైరు పెరిగితే ఆ ఒక్క చుట్టులోనే బండి మరింత దూరం పోవాలి, ఆ భారమంతా ఇంజన్ మోయాలి. ఈ 3.6 లీటర్ల ఇంజనేమో తన 285 గుర్రాలనూ నిమిషానికి 6,400 చుట్ల దగ్గర కట్టేసుకుని కూర్చుంది. గంటకు 70 మైళ్ల వేగంలో గేర్‌బాక్సు ఎనిమిదో గేరులో దాదాపు 1,950 చుట్లు తిరగవలసినది, కొత్త టైర్లతో 1,750కి పడిపోతుంది. అక్కడ దానికి ఊపిరి చాలదు. ఏడో గేరుకు దిగుతుంది, ఆరుకు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. డాలస్‌లో కొండలు లేవు నిజమే. ఆ లోటు తీర్చడానికే ఐదంతస్తుల హై ఫైవ్ కూడలి కట్టారు.

పరిష్కారానికి అయిదో తరగతి లెక్క చాలు. పాత నిష్పత్తిని కొత్త టైరు ఎత్తుతో గుణించి, పాత టైరు ఎత్తుతో భాగించాలి. 4.60 వస్తుంది. బజారులో దానికి దగ్గరగా 4.56 దొరుకుతుంది. ఇంతటితో ఆగితే శాస్త్రమయ్యేది. ఆగలేదు కనుక మూడు మతాలయింది.

మొదటివారు 4.56 వారు. లెక్కే ప్రమాణం, తక్కినదంతా మాయ అంటారు. రెండోవారు 4.88 వారు. ‘టైరు ఎత్తు చూశారు, బరువు చూశారా? ముందు ఇనుప బంపరు, దానికో వించి (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం), నెత్తిమీద టెంటు, వీటి మాటేమిటి?’ అని ఖండిస్తారు. ఆ టెంటును ఇంతవరకు ఎవరూ విప్పలేదన్నది వేరే సంగతి. విప్పకపోయినా బరువు బరువే. మూడోవారు 5.13 వారు. ఎనిమిది గేర్లలో పై రెండూ ఓవర్‌డ్రైవులే, అంటే ఇంజన్ కంటే షాఫ్టే వేగంగా తిరిగేవే, కాబట్టి, 5.13 పెట్టించినా 70 మైళ్ల దగ్గర ఇంజన్ 2,200 చుట్లు దాటదని వారి సిద్ధాంతం. పక్షపాతం లేకుండా చెప్పాలంటే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌కు వీరి వాదమే సబబు. విందులో మాత్రం ఈ మాట అనకండి, స్నేహాలు పోతాయి. అయిదు గేర్ల పాత ఆటోమేటిక్ ఉన్నవారికి ఇదే ఉపదేశం చేస్తే ఇంజన్ 2,700 చుట్ల దగ్గర హోరు పెడుతుంది, అప్పుడూ పోతాయి.

మొదటి మతం వారి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. 4.56లో పినియన్‌కు 9 పళ్లు, తక్కిన రెండింటిలో 8 పళ్లే. నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ చిక్కిపోతుంది. రాళ్ల మధ్య గట్టిగా తొక్కితే ఏది ముందు విరుగుతుందో చెప్పమంటారు. రాళ్ల దాకా ఎవరు వెళ్లారని ఎదుటివారు అడగరు. అడిగితే అందరికీ నష్టమే.

ఇక చార్వాకుడు ఒకడుంటాడు. 33 అంగుళాల టైర్లే ఉంచుకుంటే ఏ గేరూ మార్చనక్కరలేదు కదా అంటాడు. అప్పు చేసైనా నెయ్యి తాగమన్నది చార్వాకులే అని విన్నాం. ఇక్కడ మాత్రం క్రెడిట్ కార్డు గీకేది ఆస్తికులు. వచ్చే శనివారం నుంచి చార్వాకుడికి పిలుపు ఉండదు.

మతం ఏదైనా క్రతువు ఒక్కటే. ముందు, వెనుక యాక్సిళ్లు రెండింటికీ ఒకే నిష్పత్తి ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేయగానే రెండూ చెరో మాటా చెప్పి పెనుగులాడతాయి. రెండింటికీ కలిపి రెండు మూడు వేల డాలర్ల దక్షిణ. మెకానిక్ పళ్ల మధ్య వదులును అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలిచి, షిమ్ములనే పలుచని రేకులు పెట్టి తీసి, పళ్లకు పసుపు పచ్చని పేస్టు పూసి, ఒరిపిడి గుర్తు ఎక్కడ పడిందో చూస్తాడు. కొత్త బండికి పసుపు పూయడం మనకు తెలియనిది కాదు గాని, ఇక్కడ తేడా వస్తే బండి జీవితాంతం ఈల వేస్తుంది. ఆ తరువాత దీక్ష: మొదటి 500 మైళ్లు మెల్లగా నడపాలి, తొలి ప్రయాణాల్లో పదిహేను ఇరవై మైళ్లకోసారి ఆపి చల్లారనివ్వాలి, చివర గేర్ ఆయిల్ మార్చాలి. పిల్లవాడి జ్వరానికి సెలవు పెట్టని వారు కూడా దీక్షకు పెడుతున్నారు.

కంప్యూటర్‌కు కొత్త కొలతలు చెప్పడం మరిచిపోరాదు. కొత్త టైరు సంగతి తెలియని మీటరు 70 చూపేటప్పుడు బండి 78 మైళ్ల మీద ఉంటుంది. పోలీసు అధికారికి ఈ భిన్నాల లెక్క రోడ్డు పక్కన వివరించడం కష్టం. తిరిగిన మైళ్లు కూడా తక్కువే నమోదవుతాయి కనుక మైలేజీ ఘోరంగా పడిపోయినట్టు కనబడుతుంది. తరువాత ఎవరో కొలతలు సరిచేస్తే హఠాత్తుగా మెరుగుపడుతుంది. ఆ ఘనత వెంటనే 5.13 ఖాతాలో పడుతుంది.

ఇంతకూ ఏం సాధించాం? మొదటి గేరు 4.71, ముందు వెనుక యాక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తక్కువ వేగపు రేంజిలో 4, యాక్సిల్ 5.13, గుణిస్తే దాదాపు 97. ఇంజన్ 97 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండల్లో ఈ బండికి పేరిచ్చిన రూబికాన్ బాటలో, మనిషి దిగి చూసి భయపడే బండరాళ్ల మీద చీమలా పాకడానికి తగిన అంకె అది. ఆ మహాశక్తి ప్రస్తుతం ఇండియన్ గ్రోసరీ దుకాణం ముందున్న స్పీడ్ బ్రేకర్ మీద వినియోగంలో ఉంది. రాళ్లకు మరో పుణ్యక్షేత్రమైన యూటాలోని మోయాబ్ ఇక్కడికి సుమారు వెయ్యి మైళ్లు. వచ్చే లాంగ్ వీకెండుకు తప్పకుండా వెళ్దామని మూడు మతాలూ ఏకాభిప్రాయంతో ఉన్నాయి.

కొత్తగా దీక్ష తీసుకునేవారికి నాదొక్కటే సలహా. గేరును ఇవాళ్టి టైరుకు కాదు, చివరికి వేయించబోయే టైరుకు సరిపడా ఎంచుకోండి. 35కు పెట్టించి 37కు మారినవారు యాక్సిళ్లు రెండుసార్లు విప్పించుకున్నారు. 37తో ఆగిపోతామని అందరూ ఒట్టు వేస్తారు. 40 అంగుళాలవారి కోసం 43 పళ్ల క్రౌన్ వీల్‌తో 5.38 కూడా దొరుకుతోంది.