పేర్లు ఐదు, అప్పు ఒక్కటే

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో నాలుగైదు వ్యాపారాలు నడిపే కుటుంబాలను ఇన్ని లైన్లలోకి ఎందుకు వెళ్లారని అడిగితే దాదాపు ఒకే జవాబు వస్తుంది: రొయ్యలు దెబ్బతింటే రైస్ మిల్లు ఆదుకుంటుంది, రెండూ పోయినా గ్రానైట్ ఉంటుంది. వినడానికి బాగుంది. బ్యాంకు ఫైలు తెరిస్తే సంగతి వేరు. మిల్లు సీసీ లిమిట్‌కు (రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు) రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు గ్యారంటీ, ప్లాంటు లోనుకు క్వారీ కంపెనీ గ్యారంటీ, అన్నిటి కింద అన్నదమ్ముల సంతకాలు. ఒకటి మునిగితే మిగతావి ఆదుకోవడం మాట అటుంచి, వాటి ఆస్తుల మీదికే బ్యాంకు వస్తుంది.

అసలు ఇవి వేర్వేరు వ్యాపారాలేనా అన్నది ఇంకో ప్రశ్న. రొయ్య పిల్లల హేచరీ, మేత, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతి అని నాలుగు కంపెనీలు పెట్టినా చివరికి ఎక్కువగా కొనేది అమెరికా వాడే. 2025 ఆగస్టు 27న అక్కడ మన సరుకుపై అదనపు సుంకం 50 శాతానికి చేరింది, రొయ్యలకైతే యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే సుంకం) లాంటి పాత సుంకాలు దానికి తోడు. ఆ దెబ్బ నాలుగు కంపెనీలకూ ఒకేసారి తగిలేదే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు చైనా గిరాకీ తగ్గితే క్వారీకీ, బ్లాకులు మోసే సొంత లారీలకూ కలిపి పని పోతుంది. 2021 నవంబరు పెన్నా వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, కోవూరు వైపు హైవే తెగింది. అలాంటప్పుడు చెరువు, మిల్లు, లారీ ఒకరివే అయితే ఏది దేన్ని కాపాడాలి?

చట్టంలోనూ ఒక సందు ఉంది. టర్నోవర్ 200 కోట్లు, లేదా బ్యాంకు అప్పు 100 కోట్లు దాటిన ప్రైవేటు కంపెనీకి ఇంటర్నల్ ఆడిట్ తప్పనిసరి. ఐదు కంపెనీలుగా విడగొడితే ఏదీ ఆ గీత దాటకపోవచ్చు. పైగా వాటాలు కుటుంబ సభ్యుల పేర్ల మీదే ఉండి, పైన హోల్డింగ్ కంపెనీ లేకపోతే, అన్నిటినీ కలిపిన బ్యాలెన్స్ షీట్ తయారు చేయాల్సిన పని లేదు. ఐదుగురు ఆడిటర్లు ఐదు పుస్తకాలు చూస్తారు. మొత్తం మీద ఎంత అప్పుందో పెద్దాయనకు మాత్రమే, అదీ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. విచిత్రం ఏమిటంటే, సొంత గ్రూపు కంపెనీకి ఉత్తినే ఇచ్చే గ్యారంటీకి జీఎస్టీ శాఖ వెల కట్టింది. 2023 అక్టోబరు నుంచి గ్యారంటీ మొత్తంలో ఏడాదికి 1 శాతాన్ని సేవ విలువగా లెక్కేస్తున్నారు. ఇచ్చినవాళ్లు మాత్రం దాన్ని ఇంకా ఖర్చు లేని సంతకంగానే చూస్తున్నారు.

ఈ అలవాటు పెద్ద స్థాయిలో ఎలా ఉంటుందో హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో చూశాం. 2008 డిసెంబరులో దాని ఛైర్మన్ రామలింగరాజు తన కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించాలని చూశారు. వాటాదారులు ఎదురు తిరగడంతో అది ఆగింది. 2009 జనవరి 7న ఆయన రాసిన లేఖలో, లెక్కల్లో చూపించినా నిజానికి లేదని బయటపడ్డ నగదు 5,040 కోట్లు. ఆ లొసుగును కప్పడానికి మేటాస్ కొనుగోలే చివరి ప్రయత్నమని అదే లేఖలో ఉంది.

మన దగ్గర ఇంత పెద్ద మోసాలు ఉండక్కర్లేదు. సాయంత్రం వచ్చే ఒక ఫోన్ చాలు: "రొయ్యల రైతులకు కట్టాలి, మిల్లు అకౌంటు నుంచి వేసెయ్, మార్చిలో సర్దుదాం." మిల్లులో ఉన్నది కస్టమ్ మిల్లింగ్ ధాన్యమైతే (ప్రభుత్వం కొని, బియ్యం ఆడించమని మిల్లుకు ఇచ్చేది) అది ప్రభుత్వానిదన్న ఆలోచన కూడా ఆ తొందరలో రాదు. కింది స్థాయిలో చెరువు గట్టున కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసేది, కాటా రాసేది, బిల్లు పాస్ చేసేది ఒకే బావమరిది. ముప్పై కౌంట్‌కూ నలభై కౌంట్‌కూ ధరలో ఉండే తేడా తెలిసినవాళ్లెవరూ ఈ మూడు పనులూ ఒకరికే అప్పగించరు. "మనవాడే కదా" అన్న మాటతో అప్పగించేస్తారు.

బయటి కన్సల్టెంట్లు ఇచ్చే లావుపాటి రిస్క్ రిజిస్టర్ (రాగల ప్రమాదాల జాబితా) కంటే ముందు రెండు పనులు కావాలి. ఏ కంపెనీ దేనికి ఎంత గ్యారంటీ ఇచ్చిందో ఒకే కాగితం మీదికి రావాలి. సీజన్ మొదలు కాకముందే ఒక కంపెనీ మరోదానికి గరిష్ఠంగా ఎంత సర్దొచ్చో డైరెక్టర్ల సమావేశంలో రాసి పెట్టుకోవాలి. ఆ గీత దాటే చెల్లింపుకు కుటుంబంతో చుట్టరికం లేని ఫైనాన్స్ అధికారి సంతకం ఉండాలి. కుదరదని చెప్పినందుకు అతని ఉద్యోగం పోకూడదని కూడా అదే తీర్మానంలో రాయాలి.