చిరిగిన ప్యాంటు, అతుకుల బొంత, ఒలింపిక్ పతకం

మన పిల్లలకు కెరీర్ సలహాలిచ్చే పెద్దలు ఇంజినీరింగ్, మెడిసిన్ దాటి ముందుకు కదలడం లేదు. మంచు మీద చెక్క వేసుకుని జారడం (దీన్నే స్నోబోర్డింగ్ అంటారు), ఆ తర్వాత లోకానికి బట్టలు అమ్మడం అనే మార్గం ఒకటుందని ఎవరూ చెప్పరు. ఈ లోటు పూడ్చే బాధ్యత నేనే తీసుకుంటున్నాను. అర్హతా? మా ఫ్రిజ్‌లో పేరుకున్న మంచుని గరిటె కాడతో గీకిన అనుభవం పదిహేనేళ్లు.

మన పాఠం పేరు జేక్ బర్టన్ కార్పెంటర్, స్నోబోర్డులూ వాటికి తగ్గ బట్టలూ అమ్మే బర్టన్ కంపెనీ పెట్టిన మనిషి. న్యూయార్క్ కుర్రాడు. మాన్‌హటన్‌లో ఉద్యోగం మానేసి 1977లో వెర్మాంట్ రాష్ట్రంలోని లండన్‌డెరీ అనే ఊరికి పోయి చెక్కలు కోయడం మొదలుపెట్టాడు. ఇదే మన ఇళ్లలో జరిగితే ముందు జాతకం చూపిస్తారు, తర్వాత డాక్టర్‌కి చూపిస్తారు. ఖర్చులకని రాత్రుళ్లు బార్‌లో పనిచేశాడని కూడా తెలిస్తే ఇక సంబంధాల సంగతి చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది అమ్ముడైనవి 300 బోర్డులు.

ఆయన తెలివి ఎక్కడుందో చూడండి. ఇంటిపేరు కార్పెంటర్, అంటే వడ్రంగి. చేస్తున్నదీ వడ్రంగి పనే. ఇంతగా కలిసొచ్చిన పేరుని పక్కన పడేసి, మధ్యలో ఉన్న బర్టన్‌ని తీసి కంపెనీకి పెట్టాడు. చేసే పని పేరులో కనిపిస్తే రేటు పెంచలేం కదా.

మంచు మీద చెక్క కూడా ఆయన కనిపెట్టింది కాదు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే తండ్రి తన కూతుళ్లు ఆడుకోవడానికి రెండు స్కీలు (మంచు మీద జారడానికి కాళ్లకి కట్టుకునే పొడుగు పలకలు) పక్కపక్కన పెట్టి బిగించాడు. భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. జేక్ చిన్నప్పుడు జారింది దాని మీదే. దానికి కాళ్లు బిగించుకునే పట్టీలు లేవు. జేక్ బోర్డుకి ఉన్నాయి. 1979లో మిషిగన్‌లో జరిగే స్నర్ఫర్ పోటీకి ఆ బోర్డు పట్టుకెళ్తే, ఇది స్నర్ఫరే కాదని కొందరు గొడవపెట్టుకున్నారు. చివరికి ఓపెన్ అని వేరే విభాగం పెట్టారు. అందులో పోటీదారు ఒక్కడే, జేక్. హోరాహోరీగా సాగిందో లేదో గానీ ఆయనే గెలిచాడు. మన పంచాయతీ ఎన్నికల్లో దీన్ని ఏకగ్రీవం అంటాం. స్టార్టప్‌వాళ్లు కొత్త మార్కెట్ సృష్టించడం అంటారు.

స్కీ రిసార్టులు ఈ బోర్డువాళ్లని చాలాకాలం గేటు దగ్గరే ఆపేశాయి. వెర్మాంట్‌లోని స్ట్రాటన్ 1983లో లోపలికి రానిచ్చింది. అదే రాష్ట్రంలో ఉన్న మ్యాడ్ రివర్ గ్లెన్ ఇప్పటికీ రానివ్వదు. ఆ యాజమాన్యానికి జేక్ ఏటా పూలబొకే పంపాల్సింది. పెద్దలు వద్దన్న ఆటకి కుర్రాళ్లు ఎగబడకుండా ఉంటారా? ఎగబడ్డవాళ్లు ఒళ్లంతా కప్పుకోకుండా మంచులోకి దిగలేరు కదా! అసలు వ్యాపారం అక్కడుంది. బోర్డు ఒకసారి కొంటే కొన్నేళ్లు మన్నుతుంది. జాకెట్ కూడా మన్నుతుంది గానీ, దాని రంగు మాత్రం వచ్చే చలికాలానికి పాతబడిపోతుంది. పైగా బోర్డు కొనేవాడికి కొండ కావాలి, మంచు కావాలి. జాకెట్ కొనేవాడికి అద్దం ఉంటే చాలు.

ఒకప్పుడు గేటు బయట నిలబెట్టిన ఈ ఆట 1998లో నాగానో ఒలింపిక్స్‌లోకి వెళ్లింది. తర్వాత అమెరికా స్నోబోర్డ్ జట్టుకి యూనిఫాం కుట్టే పని బర్టన్‌కి వచ్చింది. దేశ గౌరవం కదా, ఏం కుట్టారనుకుంటున్నారు? 2010 వాంకూవర్‌లో గళ్ల చొక్కాలాంటి జాకెట్, చిరుగుల జీన్స్. కంగారుపడకండి, నిజం జీన్స్ కాదు. గోర్‌టెక్స్ అనే నీళ్లు చొరబడని బట్టని పాత జీన్స్‌లా కనిపించేట్టు తయారుచేశారు. అమెరికా స్నోబోర్డర్ షాన్ వైట్ ఆ అవతారంలోనే బంగారు పతకం కొట్టాడు. మా అమ్మ చూసుంటే పతకం సంగతి తర్వాత, ముందు సూదీదారం తెచ్చేది.

2014 సోచిలో అతుకుల బొంత. నిజంగానే పాత బొంత డిజైన్‌తో జాకెట్ కుట్టారు. మా అమ్మమ్మ పాత చీరలతో అలాంటివి లెక్కలేనన్ని కుట్టింది, ఒక్క ఒలింపిక్స్‌కీ పిలుపు రాలేదు. 2018 ప్యాంగ్‌చాంగ్‌కి వచ్చేసరికి నాసా వ్యోమగాముల సూట్లు చూసి కుట్టారు. చిరుగుల నుంచి బొంతకి, బొంత నుంచి అంతరిక్షానికి ఎనిమిదేళ్లు. మన ఇస్రో వాళ్లు సైకిల్ మీద రాకెట్ భాగం మోసిన దగ్గర్నుంచి చంద్రుడి దాకా వెళ్లడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఒక్క విషయంలో మాత్రం వెటకారం చేయబుద్ధి కావడం లేదు. బర్లింగ్టన్‌లోని జేక్ ఆఫీసుకి ఒక రూలుంది: ఒక్క రోజులో రెండడుగుల మంచు పడితే ఆఫీసు మూసేసి అందరూ కొండకి పోవచ్చు. జేక్ 2019లో కన్నుమూశాడు. మాకు మోకాళ్ల లోతు వాన పడిన రోజు మేనేజర్ మెసేజ్ పెడతాడు, ఎక్కడిదాకా వచ్చావని.

న్యూజెర్సీలో ఉన్న మా మేనల్లుడు పోయినసారి వచ్చినప్పుడు నాకూ ఒక స్నో జాకెట్ తెచ్చాడు. ఎడమ చేతి మీద బుల్లి జేబు, కొండ ఎక్కే లిఫ్ట్ పాస్ పెట్టుకోవడానికట. నేను మెట్రో కార్డు పెట్టాను. మే నెలలో ఒకసారి వేసుకుని అమీర్‌పేట దాకా వెళ్లొచ్చాను. గాలి చొరబడదని లేబుల్ మీద రాసి ఉంది. నిజమే, చొరబడలేదు.