విడాల్ టెస్టు గారికి, భీమవరం పక్క పల్లెటూరి నుంచి

మహారాజశ్రీ విడాల్ టెస్టు గారికి,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం అని రాయబోయి, మీరు ఒప్పుకోరని గుర్తొచ్చి ఆగాను. గోదావరి డెల్టాలో మీ లెక్క ప్రకారం క్షేమంగా ఉన్నవాడు నాకింకా తారసపడలేదు.

మొన్న ముసురుకి నాకు మూడు రోజులు జ్వరం. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు గారు చెయ్యి పట్టి చూసి, "టైఫాయిడేమో, ఎందుకైనా మంచిది, ఓ విడాల్ టెస్టు చేయించెయ్యండి" అన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాను. సెంటర్లో ల్యాబు కుర్రాడు రక్తం తీసి, మిషన్లో గిరగిరా తిప్పి, పైకొచ్చిన తేటని గాజు పలక మీద రెండు చోట్ల వేశాడు. ఒకదాంట్లో నీలం చుక్క, ఇంకోదాంట్లో ఎర్ర చుక్క కలిపి పలకని అటూ ఇటూ ఊపాడు. నేను టీ తాగొచ్చేసరికి కాగితం సిద్ధం. ఓ 1:160, హెచ్ 1:160. డాక్టరు గారు చూసి "టైఫాయిడ్ బాగానే ఉందండి" అన్నారు, సార్వా బాగానే ఉందన్నట్టు.

నాకన్నా ముందే కబురు ఇంటికి చేరింది. మా ఆవిడ ఫోన్లో "నూట అరవై అంట అక్కా!" అంటోంది. అవతల నుంచి మా తోడల్లుడు గొంతు: "నాకు పోయినేడు మూడొందల ఇరవై." ఆయన ముందు నేనెప్పుడూ తక్కువే. రొయ్యల ధరలోనూ అంతే, జ్వరంలోనూ అంతే.

మంచం మీద పడుకుని మీ గురించి చదివానండి. చిన్నవారేం కాదు మీరు. ఎబెర్త్ అనే శాస్త్రవేత్త 1880లో టైఫాయిడ్ తెచ్చే సూక్ష్మజీవిని చూశాడు, గాఫ్కీ అనే ఇంకో ఆయన 1884లో దాన్ని విడిగా పెంచి చూపించాడు, 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ గారు మిమ్మల్ని లోకానికిచ్చారు. రోగి రక్తపు తేట తగిలితే ఆ సూక్ష్మజీవులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి. ఓ, హెచ్ అంటే ఆ సూక్ష్మజీవి భాగాలు రెండింటికి పేర్లు; తేటని నూట అరవై రెట్లు పలచన చేసినా గడ్డకడితే 1:160. ఆ రోజుల్లో అది గొప్ప సంగతే. (ఆ సూక్ష్మజీవి పేరు సాల్మొనెల్లా టైఫీ. మా ఆక్వా రైతులు చేప పేరనుకుంటారేమో, కాదు. సాల్మన్ అనే అమెరికా పశువైద్యుడి పేరు మీద పెట్టింది.)

నాకు అర్థమైందేమిటంటే, మీరసలు సూక్ష్మజీవిని వెతకరు. దాన్ని చూసి ఒళ్ళు తయారు చేసుకున్న యాంటీబాడీలని వెతుకుతారు. అవి రావడానికి వారం అటూ ఇటూ పడుతుంది, వచ్చాక నెలల తరబడి పోవు. నా జ్వరం వయసేమో మూడు రోజులు. మరి ఆ నూట అరవై ఏ జ్వరానిదండీ? టీకా వేయించుకున్నా మీరు గడ్డకడతారు, వేరే సాల్మొనెల్లా సోకినా కడతారు, ఒక్కోసారి మలేరియాకీ కడతారు. తాత కట్టేసిన శిస్తు మనవణ్ణి అడిగే కరణం గారి దస్తరం మీది. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలట. రెండోసారి రమ్మన్నవాణ్ణి మా సెంటర్లో నేను చూడలేదు.

తప్పంతా మీదే అనను. 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక ఊరూరికీ కాలువ నీళ్ళొచ్చాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువు నీళ్ళే గతి. టైఫీ గారేమో మనిషిలో తప్ప ఇంకే జంతువులోనూ కాపురం పెట్టరు. మా చెరువులోకి వచ్చారంటే ఎగువ నుంచి ఎవరో మనిషి పంపితేనే. మేం దిగువ వాళ్ళకి పంపిస్తాం. ఇలా ఏళ్ళ తరబడి తాగిన ఒంట్లో పాత బాకీలు లేకుండా ఎలా ఉంటాయి? అందుకే మీరు ఎవరి తలుపు తట్టినా ఎంతో కొంత రాలుతుంది.

రాలితే ఇక సెలైన్ బాటిలు, పొద్దునా సాయంత్రం యాంటీబయాటిక్ సూది, బ్రెడ్డు ముక్క, సగ్గుబియ్యం జావ. పులస కాలంలో జావ! అదలా ఉంచండి. ఒకప్పుడు టైఫాయిడ్‌కి క్లోరాంఫెనికాల్ దివ్యౌషధం, తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్. రెండింటికీ లొంగని టైఫీలు తయారయ్యాయి. మా భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన నడుపుతుండగా 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్లనే మందుల జాతిలో అదే మొదటిది. ఆయన ఊరివాళ్ళం యాంటీబయాటిక్‌లని బఠాణీల్లా నములుతున్నాం, మీ కాగితం చూపించి.

సూదులు ఐదు రోజులు పడ్డాక నాకు పౌరుషం వచ్చింది. పట్నం వెళ్ళి బ్లడ్ కల్చర్ చేయమన్నాను. రక్తాన్ని సీసాలో పోసి, సూక్ష్మజీవి నిజంగా ఉంటే పెరగనిచ్చి, మొహం చూసి పేరు చెప్పే పరీక్ష అది. అదీ అన్నిసార్లూ పట్టుకోలేదు గానీ, పట్టుకుంటే ఏ మందుకి లొంగుతుందో కూడా చెబుతుంది. అక్కడి అమ్మాయి అడిగింది: "మందులు వాడకముందు రావాలి కదండీ?"

అయినా తీశారు. ఐదు రోజుల తర్వాత రిపోర్టొచ్చింది: సూక్ష్మజీవుల పెరుగుదల లేదు. మా ఆవిడ చదివి, కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో మీ కాగితం పక్కనే పెట్టింది.

"చూశారా, నూట అరవై కాస్తా సున్నాకొచ్చేసింది!"

ఇట్లు
తమ విధేయుడు,
ఓ 160, హెచ్ 160