విజయనగరంలో మధ్యాహ్నం నీడ ఎక్కడ?

తెల్లవారుజామున ఐదు గంటలకు విజయనగరం పెద్ద చెరువు గట్టు మీదికి వెళ్లి చూస్తే ఊరు బాగుపడిందనే అనిపిస్తుంది. బూట్లు వేసుకుని చేతులూపుతూ నడిచేవారు, చక్కెర వ్యాధి మాత్రల గురించి ఒకరికొకరు సలహాలిచ్చుకునే విశ్రాంత ఉద్యోగులు, చెరువు మీద నుంచి వచ్చే చల్లగాలి. అదే గట్టు మీదికి మధ్యాహ్నం ఒంటి గంటకు వెళ్లండి. ఎండ తప్ప మరేమీ ఉండదు. పోనీ ఏదైనా పార్కులో కాసేపు కూర్చుందామంటే గేటుకు తాళం. పొద్దున మూసి సాయంత్రం తీసే పార్కులు మన ఊళ్లకు కొత్తేమీ కాదు. కానీ ఆ వేళలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించారో ఒక్కసారి ఆలోచిస్తే ఈ ఊరి అభివృద్ధి కథ సగం అర్థమవుతుంది.

మధ్యాహ్నం ఒంటి గంటకు విజయనగరంలో ఉండేది ఎవరు? గంట్యాడ నుంచి, గుర్ల నుంచి, బొండపల్లి నుంచి, డెంకాడ నుంచి పని మీద వచ్చినవారు. ఆసుపత్రిలో రక్త పరీక్ష ఫలితం మూడు గంటలకు వస్తుందని చెబితే అప్పటిదాకా ఎక్కడ ఉండాలో తెలియనివారు. కలెక్టరేటులో అర్జీ ఇచ్చి బస్సు కోసం చూసేవారు. కోచింగ్ క్లాసుకూ క్లాసుకూ మధ్య రెండు గంటలు ఖాళీ దొరికిన పిల్లలు. ఊరికి కొత్తగా వస్తున్న సదుపాయాల జాబితాలో వీళ్లకు పనికొచ్చేది ఏదైనా ఉందా అని వెతికితే నాకు పెద్దగా కనబడలేదు.

జాబితా చిన్నదేమీ కాదు. గాజులరేగలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 సీట్లతో మొదలైంది. జేఎన్‌టీయూ ప్రాంగణం 2022లో గురజాడ పేరుతో సొంత విశ్వవిద్యాలయమైంది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. పాతిక కిలోమీటర్ల దూరంలో భోగాపురం విమానాశ్రయం ఉంది. 2019లో ఒకసారి, 2023లో మరోసారి, రెండు ప్రభుత్వాలు దానికి శంకుస్థాపన చేశాయి. ఒక్క విమానాశ్రయానికి రెండు శిలాఫలకాలు దక్కడం మన ప్రాంతపు అదృష్టం అనుకోవాలి. ఇవన్నీ కావలసినవే. వైద్య కళాశాల వద్దనేవాడెవడూ ఉండడు.

నా తగాదా వాటితో కాదు. ఇవన్నీ వస్తున్న వరుసలో ఊరి పాత్ర ఏమిటన్నదే నా ప్రశ్న. విజయనగరాన్ని ఇప్పుడు విశాఖ శివారుగా చూడటం అలవాటైపోయింది. అరవై కిలోమీటర్లు, రైలెక్కితే గంట. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి వచ్చే ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. పాలనపరంగానూ ఈ చూపు పాతదే. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వుడా ఏర్పడింది 1978లో, విజయనగరం జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. మన జిల్లా కంటే వుడా ఏడాది పెద్దది. 2018లో అది వీఎంఆర్‌డీఏగా, అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థగా, మారి ఇంకా విస్తరించింది. ఇంత కాలంగా మన ఊరి పటం మీద విశాఖ గీతలు పడుతూనే ఉన్నాయి. శివారు అన్న తరువాత దాని సదుపాయాలూ శివారు తరహాలోనే ఉంటాయి: వెడల్పు రోడ్లు, మధ్యలో డివైడరు, డివైడరులో పూలమొక్కలు, దాని మీద రంగు దీపాలు, కూడలిలో ఒక బొమ్మ. అన్నీ దాటిపోయేవాడి కంటికి ఆనేవే. ఉండేవాడికి, రోజంతా ఉండి సాయంత్రం పల్లెకు వెళ్లేవాడికి, కావలసినవి వేరు.

ఈ తేడా ఒకప్పుడు ఈ ఊరికి బాగా తెలుసు. కోట దారిలో మూడు లాంతర్ల కూడలి ఉంది కదా. చీకట్లో ఊళ్లోకి వచ్చేవారికి దారి కనబడాలని అక్కడ లాంతర్లు పెట్టారు. 1869 నాటిదని చెప్పుకునే ఆ స్తంభాన్ని 2020 మేలో సుందరీకరణ పేరిట కూల్చినప్పుడు ఊరంతా గగ్గోలు పెట్టింది. వారసత్వం పోయిందన్న బాధ న్యాయమైనదే. నాకు మాత్రం ఇంకో విషయం తోచింది. అది అలంకారం కోసం నిలబెట్టింది కాదు, వీధిదీపం. నడిచి వచ్చేవాడి కోసం పెట్టిన దీపం. రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు మున్సిపాలిటీలు చేయవలసిన పద్దెనిమిది పనులను లెక్కపెట్టింది. పదిహేడోది ప్రజా సదుపాయాలు. వీధిదీపాలు, వాహనాలు నిలిపే చోట్లు, బస్సు స్టాపులు, మరుగుదొడ్లు అని దాని కిందే విడమరచి రాసి ఉంది. 1992 నాటి సవరణతో ఆ జాబితా చేర్చినవారికి మరుగుదొడ్ల ప్రస్తావన తేవడానికి మొహమాటం అడ్డురాలేదు. మనకే ఎందుకో వస్తుంది.

మార్కెట్ వైపు ఒక మలుపులో కూర్చుని ఆకుకూరలు అమ్మే ఒకావిడ దగ్గర నేను తరచు తోటకూర కొంటాను. పొద్దున మొదటి బస్సుకు నెల్లిమర్ల వైపు నుంచి వస్తుంది. గోనెపట్టా మీద కట్టలు పేర్చి, పక్కన ఒక ప్లాస్టిక్ సీసా పెట్టుకుంటుంది. మూతకు మేకుతో నాలుగు కన్నాలు పొడిచి ఉంటాయి. పదినిమిషాలకోసారి ఆ సీసాతో కూర మీద నీళ్లు చల్లుతుంది. ఒక మండుటెండ రోజున, ఆ నీళ్లు కాస్త మీరూ తాగకూడదా అమ్మా అన్నాను. "కూరకైతే పరవాలేదు బాబూ. నేను తాగితే మళ్లీ ఎక్కడికి వెళ్లను?" అంది. అంత సులువుగా అంది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఐదు దాకా ఆమె దాహం ఒక పట్టణ ప్రణాళిక లోపం అని నేను అప్పటిదాకా అనుకోలేదు.

దగ్గరలో మరుగుదొడ్డి లేదా అంటే ఉంది. ఐదు రూపాయలు తీసుకుంటారు, కొన్ని రోజులు నీళ్లుండవు, ఇంకొన్ని రోజులు తాళం వేసి ఉంటుంది. సరుకు ఎవరికి అప్పగించి వెళ్లాలన్నది మరో సమస్య. వీధి వ్యాపారుల చట్టం వచ్చింది 2014లో. జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలంటుంది. 2011 లెక్కల ప్రకారం విజయనగరం జనాభా 2 లక్షల 28 వేలు. అంటే దాదాపు 5,700 మందికి. ఇప్పటి జనాభా తీసుకుంటే ఇంకా ఎక్కువ. ఇంతమందిలో సగం ఆడవాళ్లనుకున్నా వాళ్ల కోసం ఎన్ని గదులు కావాలో చిన్న పిల్లాడు కూడా లెక్క కట్టగలడు. దానికి తోడు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పథకం. పల్లె నుంచి ఊరికి రావడానికి చార్జీ అడ్డు తొలగింది. అయితే బస్సు దిగిన తరువాత ఊళ్లో వాళ్లు ఎలా గడపాలన్నది ఆర్టీసీ పని కాదు, పదిహేడో అంశం కింద ఊరి పని.

ఇక నీళ్ల సంగతి. విజయనగరం చరిత్రంతా చెరువుల చుట్టూ తిరుగుతుంది. పెద్ద చెరువు, అయ్యకోనేరు, బుచ్చన్న కోనేరు. ఇలవేల్పు పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికింది కూడా పెద్ద చెరువులోనే అని ఊరి నమ్మకం. దసరా తరువాతి మంగళవారం పూజారి కూర్చున్న పొడవాటి మాను, సిరిమాను, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ తరువాత తెప్పోత్సవం జరిగేది పెద్ద చెరువులోనే. ఆ రోజుల్లో చెరువును ఊరు గుర్తు చేసుకుంటుంది, గుర్రపు డెక్క తొలగిస్తారు, గట్టు ఊడుస్తారు. మిగతా ఏడాది దాని ఊసెత్తేది నడక దారి కోసం, దీపాల కోసం.

చెరువు అందం గట్టు మీద ఉండదు. నీళ్లు వచ్చే గెడ్డలో ఉంటుంది, పోయే మదుములో ఉంటుంది. ఈ ముక్క రైతుకు చెప్పనక్కరలేదు. పట్టణం పెరిగే కొద్దీ గెడ్డ మీద కల్వర్టు వస్తుంది, కల్వర్టు పక్కన ఇల్లు వస్తుంది, ఇంటి ముందు మెట్లు కాలువ మీదికి వస్తాయి. వాన కురిసిన రాత్రి నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. అప్పుడు డ్రైనేజీ సరిగా లేదంటాం. డ్రైనేజీ ఎక్కడికి పోవాలో చెప్పకుండా ఎంత సిమెంటు కాలువ కట్టినా అది ఒక వీధి మురుగును పక్క వీధికి మోసే పనే చేస్తుంది. చెరువు చుట్టూ నడక దారి వేసి రంగులద్దడానికి ఖర్చు పెట్టే ముందు, చెరువులో కలుస్తున్న మురుగు నోళ్లను లెక్కపెట్టి ఆ పటం గట్టు మీదే ఒక బోర్డుగా పెడితే బాగుంటుంది. నడిచేవారు చదువుకుంటారు. వాళ్లలో ఇంజనీర్లూ ఉన్నారు, విశ్రాంత తహసీల్దార్లూ ఉన్నారు. ఊరికే ఉండరు.

ఊరి అంచుల్లో కొత్త లేఅవుట్ల కథ ఇంకొకటి. నిబంధన ప్రకారం లేఅవుటు విస్తీర్ణంలో పది శాతం ఖాళీ స్థలం ప్రజల కోసం వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. కాగితం మీద ప్రతి లేఅవుటుకూ ఒక పార్కు ఉంటుంది. వెళ్లి చూస్తే కొన్ని చోట్ల అది ముక్కోణపు చెక్క, ప్లాటుగా అమ్ముడుపోని మూల. ఇంకొన్ని చోట్ల ప్రహరీ కట్టి, నీలం పసుపు రంగుల వ్యాయామ పరికరాలు నాలుగు నాటి ఉంటారు. చెట్టు మాత్రం ఉండదు. చెట్టుకు పదేళ్లు పడుతుంది, పరికరానికి ఒక బిల్లు చాలు.

అసలు చిక్కు ఇక్కడే ఉందనుకుంటాను. కట్టడానికి ఒక పద్దు ఉంటుంది, నడపడానికి ఉండదు. ఐదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో రాష్ట్రంలో మొదలయ్యాయి, 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. మధ్యలో ఐదేళ్లు భవనాలు అలాగే నిలబడి ఉన్నాయి. వాటి ముందు నుంచి వెళ్లే కూలీకి ఆకలి మాత్రం ఐదేళ్లు ఆగలేదు. ఏ పార్టీ తెరిచింది, ఏ పార్టీ మూసింది అన్న వాదన నాకు అక్కరలేదు. ఒక సదుపాయం ఎన్నికల ఫలితం మీద ఆధారపడితే దాన్ని సదుపాయం అనలేం, కానుక అనాలి.

ఇదే ఊళ్లో దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ ఉంది. మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. వందేళ్లు దాటినా పాఠం ఆగలేదు. దాని గురించి చెప్పేవారెవరూ గోడల ఎత్తు గురించి చెప్పరు. మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు గురించి, అక్కడ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గురించి చెబుతారు. పొద్దున తలుపు తీసేవాడు, పాఠం చెప్పేవాడు, వాళ్లకు నెలనెలా జీతం. సంస్థ అంటే ఇంతే కదా.

గ్రంథాలయాల చట్టం కూడా ఇలాగే ఆలోచించింది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనం ఎప్పటి నుంచో కడుతున్నాం. అది గ్రంథాలయాలు నడపడానికి పనికొచ్చే డబ్బు. కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలు పొద్దున్నే సంచీలో దిండు, నీళ్ల సీసా పెట్టుకుని వచ్చి రీడింగు రూములో కుర్చీ పట్టుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాడు వరండాలో గోడకు చేరబడతాడు. ఆ ఎనిమిది పైసలు ఏటా సక్రమంగా చేరితే కుర్చీలు పెరుగుతాయి, రాత్రి పది దాకా దీపం వెలుగుతుంది. ఎప్పటి బకాయి ఎంత ఉందో కార్పొరేషను తన గోడ మీద రాస్తే చాలు, అడిగేవాళ్లు అడుగుతారు.

అడిగేందుకు ఒక మనిషి ఉండాలి మరి. 1888లో మున్సిపాలిటీ అయిన విజయనగరాన్ని 2015లో కార్పొరేషనుగా ప్రకటించారు. కార్పొరేషనుకు మొదటి ఎన్నిక 2021 మార్చిలో, యాభై డివిజన్లకు జరిగింది. శ్రీకాకుళానికి ఆ భాగ్యం కూడా దక్కలేదు. 2010లో అక్కడ పాలకవర్గం గడువు ముగిసింది, 2021లో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడూ ఆ ఊరు పక్కనే ఉండిపోయింది. ఏడు రోడ్ల కూడలిలో కాలువ పొంగితే ఎవరి ఇంటి తలుపు తట్టాలి? కౌన్సిలరు ఉన్నంత మాత్రాన కాలువ బాగుపడుతుందని నేననను, మన యాభై డివిజన్ల అనుభవం చూసిన తరువాత అసలే అనను. కానీ తిట్టడానికైనా ఒక ముఖం కావాలి.

రేపు భోగాపురంలో విమానాలు దిగడం మొదలైతే ఈ ఊరి మీదుగా కార్లు ఇంకా పెరుగుతాయి. వాటి కోసం రోడ్లు వెడల్పు చేయక తప్పదు. ఆ వెడల్పులో నడిచేవాడికి ఎన్ని అడుగులు మిగులుతాయి, కూరలమ్మే మలుపు మిగులుతుందా అన్నది ఇప్పుడే కాగితం మీద గీసుకోవాలి. తరువాత ఆక్రమణల తొలగింపు అన్న పేరు పెట్టి ఆమె గోనెపట్టా లాగేస్తారు. పార్కు గేటు మధ్యాహ్నం తీసి ఉంచడానికి మాత్రం ఏ మాస్టర్ ప్లానూ అక్కరలేదు. ఒక కాపలాదారుడికి అదనంగా ఏడు గంటల జీతం చాలు.

మొన్న సాయంత్రం ఐదింటికి అటు వెళితే ఆకుకూరలావిడ పట్టా మడుస్తోంది. మిగిలిన రెండు కట్టలు సగం ధరకు నా సంచిలో వేసింది. కన్నాల మూత తీసి, సీసా అడుగున మిగిలిన నీళ్లన్నీ గటగటా తాగింది. బస్సు వచ్చేసింది, అరగంటలో ఇంటికి చేరుతుంది.