పసుపు హైలైటర్ గారికి బదిలీ ఉత్తర్వు

గౌరవనీయులైన హైలైటర్ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. మా ఇంజనీరింగ్ పిల్లలకు మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) దగ్గరపడ్డాయి కాబట్టి మీరు మాకంటే క్షేమంగా ఉంటారని వేరే చెప్పక్కర్లేదు. కోఠిలో, అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా కౌంటర్ మీద మీదే పెద్దపీట. సీనియర్ నోట్స్ జిరాక్స్ తీయించి, స్పైరల్ వేయించి, దాంతోపాటు మిమ్మల్ని కూడా బ్యాగులో వేసుకున్న కుర్రాడికి అప్పుడే సగం సిలబస్ అయిపోయినంత నిశ్చింత. ఆ నిశ్చింత మీ చలవే.

మీ సేవలను తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. ఒక్క రాత్రిలో పుస్తకం మొత్తానికి పసుపు పూయడం మీకే చెల్లింది. పెళ్లికూతురికి కూడా ఎవరూ అంత పసుపు పూయరు. మా ఫిర్యాదల్లా ఒక్కటే. పని మీరు చేసి, చదివానన్న పేరు మాత్రం మా పిల్లలకు ఇస్తున్నారు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ సంగతే చూడండి. డెడ్‌లాక్ (ఒక ప్రోగ్రాము దగ్గరున్న రిసోర్సు కోసం మరొకటి ఎదురుచూస్తూ అన్నీ నిలిచిపోవడం) రావాలంటే నాలుగు కండిషన్లు ఒకేసారి ఉండాలి: మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, హోల్డ్ అండ్ వెయిట్, నో ప్రీఎంప్షన్, సర్క్యులర్ వెయిట్. మీరు నాలుగింటి మీదా నడిచారు. పరీక్ష హాల్లో కూర్చున్నవాడికి ఎడమవైపు పేజీ, కింది నుంచి రెండో పేరా, పక్కన టీ మరక, అన్నీ కళ్లకు కట్టినట్టు కనపడతాయి. మూడు కండిషన్లు రాస్తాడు. నాలుగోది ఉన్నచోట పసుపు రంగే ఉంటుంది, మాట ఉండదు. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయడం వేరు. మీరు మొదటిదానికి సాయం చేస్తారు. యూనివర్సిటీ వాళ్లు రెండోదానికి మార్కులు వేస్తారు.

రెండోసారి, మూడోసారి చదివినప్పుడు వాక్యం గడగడా సాగిపోతుంది. ఆ వేగాన్ని చూసి 'వచ్చేసింది' అనుకోవడం మనిషి బలహీనత. ఆ బలహీనతకు రంగు కట్టి అమ్ముతున్నారు మీరు.

మీ సర్వీసు రికార్డు కూడా తిరగేశాం. 2013లో జాన్ డన్‌లోస్కీ, ఆయనతోపాటు మరో నలుగురు పరిశోధకులు పది చదువు పద్ధతుల్ని జల్లెడ పట్టారు. తిప్పితిప్పి చదవడం, గీతలు గీయడం 'ప్రయోజనం తక్కువ' అన్న వరసలో పడ్డాయి. పైవరసలో నిలిచినవి రెండే: తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, చదువును రోజుల మీద విడదీయడం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం మీకు ఇంకా ఇబ్బందికరం. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మాత్రం రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 42 శాతం. అదే పరిశోధనలో మరో విడతలో, పదేపదే చదివినవాళ్లే 'మాకు బాగా గుర్తుంటుంది' అని ఎక్కువ ధీమాగా చెప్పారట. మీ వ్యాపారం నడుస్తున్నది ఆ ధీమా మీదే.

కోఠిలో సెకండ్ హ్యాండ్ పుస్తకం కొన్నవాళ్ల అవస్థ మరొకటి. మొదటి ఓనర్ పసుపు, రెండో ఓనర్ గులాబీ, మూడో ఓనర్ ఆకుపచ్చ. ముగ్గురూ కలిసి ఒక్క లైను కూడా ఖాళీగా వదల్లేదు. కొత్తగా కొన్నవాడి కన్ను మాత్రం ఆ గీతల వెంటే పోతుంది. ఆ గీసినవాళ్లలో తప్పి సప్లీ రాసింది ఎవరో పుస్తకం చెప్పదు కదా!

అందుచేత మిమ్మల్ని తక్షణం 'చదివేటప్పటి విధులు' నుంచి తప్పించి, 'తప్పులు దొరికిన తర్వాతి విధులు'కు బదిలీ చేయడమైనది. కొత్త డ్యూటీ ఇలా ఉంటుంది. విద్యార్థి నాలుగైదు పేజీలు చదువుతాడు. అప్పుడు మీ మూత తీయకూడదు. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తున్నదంతా గిలుకుతాడు. అక్షరాలు వంకరపోయినా ఫర్వాలేదు, బొమ్మ సగమే వచ్చినా ఫర్వాలేదు. పది సెకన్లకే పుస్తకం తెరిచి తొంగిచూస్తే మాత్రం అంతా వృథా. కనీసం ఒక నిమిషం ఖాళీ కాగితాన్ని చూస్తూ ఇబ్బంది పడాలి. ఆ తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకుంటాడు. ఇది ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువ. ఎగ్గొడితే తప్పుగా రాసిందే గట్టిగా నాటుకుంటుంది. వదిలేసినవీ తప్పు రాసినవీ ఏవో, వాటి మీద మాత్రమే మీరు నడవాలి. అలా చేస్తే పేజీకి రెండు మూడు లైన్లకు మించి పసుపు పడదు. మళ్లీ చదవాల్సిందీ అంతే.

మార్జిన్‌లో ప్రశ్నలు రాయడం పెన్సిల్ పని, మీది కాదు. అయినా తెలుసుకోండి. 'డెడ్‌లాక్ గురించి వ్రాయుము' అన్నది ప్రశ్న కాదు, ఆదేశం. 'రిసోర్సులకు వరస నంబర్లు ఇచ్చి ఆ వరసలోనే అడగాలని నియమం పెడితే నాలుగింటిలో ఏ కండిషన్ విరుగుతుంది?' అన్నది ప్రశ్న. సర్క్యులర్ వెయిట్ అని చెప్పి, ఎందుకో కూడా చెప్పగలిగితే ఆ టాపిక్ వచ్చినట్టు. ఈ నాలుగు కండిషన్లకు టేబుల్, లైటు కూడా అక్కర్లేదు. జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఫోన్ జేబులో పెట్టేస్తే కేపీహెచ్‌బీకి ఒకటి, కూకట్‌పల్లికి రెండోది, బాలానగర్‌కి మూడోది, మూసాపేటకి నాలుగోది. అమీర్‌పేట లోపు వాటిని ఎలా విరగ్గొట్టాలో కూడా అయిపోతుంది.

మ్యాథ్స్‌లో మీ పాత్ర మరీ విచిత్రం. ఫార్ములా చుట్టూ డబ్బా కట్టి పసుపు పోసి వెళ్లిపోతారు. డిఫరెన్షియల్ ఈక్వేషన్లలో 'బెర్నౌలీ ఈక్వేషన్' అన్న హెడ్డింగ్ కింద పది లెక్కలు చేసినవాడికి పదీ వస్తాయి, ఎందుకంటే పద్ధతి ఏదో హెడ్డింగే చెప్పేసింది. క్వశ్చన్ పేపర్ మీద హెడ్డింగ్ ఉండదు. ఎగ్జాక్ట్, లీనియర్, బెర్నౌలీ లెక్కలు చీటీల మీద రాసి కలిపేసి, ఒక్కోటి తీసి 'ఇది ఏ రకం, మొదటి స్టెప్ ఏంటి' అని మాత్రం చెప్పుకోవాలి. కుడివైపు వై పవర్ ఎన్ కనపడగానే మొత్తాన్ని దాంతో భాగించాలని తట్టిందా, చాలు. పూర్తిగా చేయడం మూడింటికి ఒకటి చేసినా సరిపోతుంది.

ధీమా సంగతికి వద్దాం. చదివిన వెంటనే 'ఎంత వచ్చింది?' అని అడిగితే ఎవరైనా ఎక్కువే చెబుతారు, అంతా ఇంకా నోట్లోనే ఆడుతుంటుంది కాబట్టి. మర్నాడు అడగాలి. ప్రశ్న పక్కన పదికి ఎన్ని వస్తాయో ముందే అంకె వేసి, తర్వాత జవాబు రాసి, దిద్దుకుని, అసలు అంకె పక్కన పెట్టాలి. ఎనిమిది అనుకున్నచోట నాలుగు వచ్చిందా, వచ్చే వారం అక్కడికే వెళ్లాలి. అయిదు అనుకుని అయిదు తెచ్చుకున్నవాడికి అంత ప్రమాదం లేదు, తన లోటు వాడికి తెలుసు.

ఇక మిడ్స్ లెక్క. అయిదు యూనిట్లలో మొదటి రెండున్నర మొదటి మిడ్‌కు, తక్కినవి రెండో మిడ్‌కు. మొదటి మిడ్ అవ్వగానే ఆ రెండున్నర యూనిట్లు అటకెక్కుతాయి. సెమిస్టర్ పరీక్షలకు దించేసరికి కొత్త పుస్తకమే. 'అన్నా, ఇంపార్టెంట్స్ ఏమన్న ఉన్నయా?' అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు మొదలయ్యేది అప్పుడే. క్లాసు జరిగిన సాయంత్రం పది నిమిషాలు, రెండ్రోజులకు పది, వారానికి పది, మూడు వారాలకు పది. నలభై నిమిషాలే, కానీ ఒకే రాత్రి నలభై పెట్టిన దానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. మధ్యలో కొంచెం మరుపు రావాలి, గుర్తు తెచ్చుకోవడానికి కాస్త కష్టపడాలి. అసలేమీ గుర్తురాకపోతే ఎడం ఎక్కువైందని అర్థం, తగ్గించుకోవాలి.

రాత్రంతా మేలుకుని చదివించే నైట్ అవుట్ గారికి వేరే లేఖ రాస్తున్నాం. మీరిద్దరూ కలిసే తిరుగుతారని తెలుసు కాబట్టి ముందుగా ఆయన చెవిన వేయండి: నేర్చుకున్నది నిలదొక్కుకోవడానికి నిద్ర సాయపడుతుంది, ఆయన ఎత్తుకుపోతున్నది దాన్నే.

ఈ ఉత్తర్వు అందిన వెంటనే మూత బిగించుకుని, కొత్త సీటులో చేరగలరు.

ఇట్లు,
పుస్తకం మూసినవాళ్లు

ప్రతులు:
గులాబీ, ఆకుపచ్చ, నారింజ హైలైటర్లకు, సమాచారం నిమిత్తం.
స్టిక్కీ నోట్స్‌కు, తగు సంజాయిషీ నిమిత్తం.