గ్రేడ్ వన్‌లో పాసైన లివర్

మొన్న ఆఫీసువాళ్ళు ఫ్రీగా చేయించిన హెల్త్ చెకప్‌లో నాకు ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్, అంటే లివర్‌లో కొవ్వు మొదటి మెట్టు, అని వచ్చింది. ఇంటర్‌లో రాని ఫస్ట్ క్లాసు 42 ఏళ్ళకి పొట్ట స్కానింగ్‌లో వచ్చిందని కొంచెం పొంగిపోయా గానీ, మా ఆవిడ రిపోర్ట్ చూసి రాజమండ్రిలో ఉన్న మా బాబాయ్‌కి ఫోన్ కొట్టేసింది. అక్కడితో నా ఒళ్ళు నా చేతుల్లోంచి పోయింది.

అసలు మనోళ్ళ ఒంట్లో దీనికున్నన్ని పేర్లు ఇంకే పార్టుకీ లేవు. పరీక్షలో రాస్తే కాలేయం, ఆదివారం మటన్ కొట్టు దగ్గర "అన్నా కాస్త ఎక్కువెయ్యి" అని బతిమాలితే కార్జం, రిపోర్ట్‌లో కనబడితే లివర్. మొదటి రెండిటికీ ఎవడూ భయపడడు, మూడోది వినబడగానే చుట్టాలందరూ వైద్యులైపోతారు.

పైగా నేనేం ఒంటరివాణ్ణి కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మంది లివర్‌లో కొవ్వు తేలిందని 2025లో అచ్చేశారు. అంటే మాలో లివర్ బాగున్నవాడే మైనారిటీ, వాడికి రిజర్వేషన్ ఇవ్వాలి. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కోవడం, రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టడం, నీళ్ళకి బదులు కూల్ డ్రింకు, ఇలాంటి చిన్న చిన్న విషయాల్ని తప్పుబట్టడం మర్యాద కాదు కాబట్టి, తప్పు లివర్‌దే అని, దాన్ని కడగాలి అని మా ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయింది.

కడగడం బాబాయ్ డిపార్ట్‌మెంట్. పరగడుపున బూడిద గుమ్మడి రసం, వాకింగ్ అయ్యాక పార్కు గేటు దగ్గర బండి మీద కాకరకాయ జ్యూస్, టిఫిన్ ముందు నేల ఉసిరి, మధ్యాహ్నం తిప్పతీగ కషాయం, రాత్రి అమెరికా నుంచి మా బావమరిది పంపిన పసుపు క్యాప్సూల్. కాఫీ మాత్రం బంద్, అది విషం అంట.

"ఇవన్నీ తాగితే ఏమవుద్ది బాబాయ్?"

"ఒంట్లో విషాలు పోతాయిరా."

"ఏ విషాలు?"

"అవేరా, విషాలు."

పోలీసు స్టేషన్లో 'గుర్తు తెలియని వ్యక్తులు' అని కేసు రాసుకుంటారు చూడండి, అలా అన్నమాట. దొంగ పేరు తెలీదు, ఏం పోయిందో తెలీదు, రికవరీ మాత్రం గ్యారంటీ. నిజానికి ఆ కిలోన్నర ముక్క నిమిషానికి దగ్గర దగ్గర లీటరున్నర రక్తం అందుకుంటూ, మనం తిన్న పప్పులోంచి పుట్టిన అమోనియాని యూరియా చేసి కిడ్నీలకి పంపిస్తూ, సంక్రాంతికి కూడా లీవు పెట్టకుండా పనిచేసుకుపోతుంది, ఇప్పుడు దానికి సాయం అని పంపిన ఐదు రకాల రసాల్నీ మాత్రల్నీ కూడా చివరికి అదే కడగాలి. పనిమనిషికి తోడని పిలిచిన చుట్టాల ఎంగిలి గిన్నెలు కూడా పనిమనిషే తోమినట్టు.

పసుపు సంగతే చూడండి. మా నాయనమ్మ రోజుల్లో ఇంట్లో ఎవరికన్నా కామెర్లొస్తే కూరలో చిటికెడు పసుపు పడనిచ్చేవాళ్ళు కాదు, మనిషి ఇంకా పచ్చబడిపోతాడని. ఇప్పుడదే పసుపు సీసాలో దూరి లివర్‌కి రక్షకుడైంది. 2019లో ఇటలీలో ఇలాంటి క్యాప్సూళ్ళు మింగిన కొంతమందికి హెపటైటిస్ వచ్చి గోల గోల అయ్యింది లెండి, అయినా ఇటలీవాళ్ళకి పసుపు వాడటం ఏం తెలుసు అని బాబాయ్ కొట్టిపారేశాడు. సరే, మన ముంబైలోనే 2021లో తిప్పతీగ తెగ తాగినవాళ్ళ లివర్లు దెబ్బతిన్నాయని డాక్టర్లు రాస్తే, ఆయుష్ శాఖ వాళ్ళు అది తిప్పతీగ అయ్యుండదు, దాని పోలికలతో ఉండే ఇంకో తీగ అయ్యుండొచ్చు అన్నారు. అయ్యుండొచ్చు. కరోనాలో మా గేటు పక్కన నాటింది ఏ తీగో, దాన్ని నేనెప్పుడూ ఆధార్ అడగలేదు.

కామెర్లకి పసరు పోసేవాళ్ళ మీద కూడా నాకు అపారమైన గౌరవం. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, ఆ వారాల్లోనే మూడు ఆదివారాలు పసరు పడుద్ది, పేరు పసరుకి పోద్ది. పిత్తనాళంలో రాయి అడ్డం పడి కామెర్లొచ్చినవాడు అదే మూడు ఆదివారాలు పోగొట్టుకుని తర్వాత ఏ ఐసీయూకి వెళ్ళాడో ఆ పసరు పోసే వరండాలో ఎవరూ మాట్లాడరు.

బాబాయ్ అసలు సాహసం వేరే ఉంది. అర గ్లాసు ఆలివ్ ఆయిల్, నిమ్మరసం, ఎప్సమ్ సాల్ట్ (విరేచనాలకి వాడే ఉప్పు) కలిపి రాత్రి తాగితే తెల్లారేసరికి పిత్తాశయంలో రాళ్ళన్నీ కిందకి దిగిపోతాయని ఎవడో చెప్పాడంట. తాగాడు. దిగాయి. ఆకుపచ్చగా 37, లెక్కపెట్టి కడిగి పళ్ళెంలో పెట్టి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, మేము టిఫిన్ చేసే టైముకి. అత్తయ్యలు దండాలు పెట్టారు. ఇలాంటి రాళ్ళే ఒకావిడ తెస్తే ల్యాబులో చూశారని, 40 డిగ్రీల దగ్గర పది నిమిషాల్లో నూనెలా కరిగిపోయాయని, తాగిన నూనే నిమ్మరసంతో కలిసి పొట్టలో సబ్బులా గడ్డకట్టిందని 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నేను మర్యాదగానే, "మే నెల కదా బాబాయ్, ఒకసారి డాబా మీద ఎండలో పెట్టి చూడు" అని మెసేజ్ పెట్టా. నాలుగు రోజులు నాతో మాట్లాడలా.

ఆ గ్యాప్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చా. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గండి, అంటే మీరు 86 కాబట్టి ఓ ఎనిమిది కిలోలు, రోజూ నడవండి, పంచదార లేకుండా కాఫీ తాగొచ్చు, లివర్‌కి మంచిదే అన్నాడు. మందు మానేయండి అన్నాడు. ఏ మందు సార్ అని అడిగా. రెండూ, అన్నాడు.

మా ఆవిడకి ఆ డాక్టర్ నచ్చలేదు. ఒక్క ఆకు పేరు కూడా చెప్పలేదు, ఫీజు ఎందుకు తీసుకున్నట్టు అని ఇప్పటికీ అంటుంది. ఎనిమిది కిలోల్లో ఇప్పటికి కిలో తగ్గా, అది కూడా కాకరకాయ జ్యూస్ మానేసిన ఆనందంలో ఎక్కువ నడవడం వల్లే. తిప్పతీగ మాత్రం అడిగేవాడు లేక గేటు దాటి కరెంటు మీటరుని మొత్తం కప్పేసింది. మొన్న బిల్లు కొట్టడానికి వచ్చినాయన రీడింగ్ కనబడక ఆకులు పక్కకి తీస్తుంటే, పీకేయండి సార్ పర్లేదు అన్నా. ఆయన పీకాడు, పీకి జేబులో పెట్టుకున్నాడు.

"మా ఆవిడకి గ్రేడ్ టూ అంట సార్, ఇంకో నాలుగు ఆకులు కోసుకోవచ్చా?"