మహారాజశ్రీ ఎఫ్‌సీ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ వాహన సామర్థ్య ధ్రువపత్రం గారి దివ్యసముఖమునకు, రాయగడ జిల్లా గుణుపురం వాస్తవ్యుడూ మెకానికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం విద్యార్థీ నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా తాతగారి నాటి నుంచీ ఇంట్లో ఉన్న మర్యాద. మన విషయంలో ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు, ఎందుకంటే మీ కుశలాన్ని గానీ నా కుశలాన్ని గానీ ఎవరైనా పరీక్షించి చూసిన దాఖలా లేదు. సంతకం మాత్రం ఇద్దరికీ ఉంది.

మీకు ప్రభుత్వం పెట్టిన పేరు 38వ నంబరు ఫారం. లారీ యజమానులు మిమ్మల్ని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అన్న పేరును కుదించి, ముద్దుగా ఎఫ్‌సీ అంటారు. మిమ్మల్ని ప్రసాదించే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగారిని ఇచ్ఛాపురం నుంచి జయపురం దాకా తెలుగువాళ్ళందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే పిలుస్తారు. ఆ పేరు మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో గానీ, ఆయన మహా ఆశాజీవి అయి ఉండాలి.

గత వేసవిలో మా కళాశాల నన్ను నాలుగు వారాల ఇంటర్న్‌షిప్ నిమిత్తం ఒక రవాణా కార్యాలయానికి పంపింది. ఏ కార్యాలయమో రాయను. రాస్తే, మమ్మల్నెందుకు వదిలేశావని పక్క జిల్లాలవారు నొచ్చుకుంటారు. బోర్డులన్నీ ఒడియాలోనూ, దరఖాస్తులన్నీ ఇంగ్లీషులోనూ, తిట్లన్నీ తెలుగులోనూ నడిచే సరిహద్దు చోటని మాత్రం చెప్పగలను. శిక్షణ ముగిసిన నాడు నా ధ్రువపత్రమూ, ఇటుకలు మోసే ఒక లారీ తాలూకు మీ దస్త్రమూ ఒకే దొంతరలో అధికారిగారి ముందుకు వెళ్ళాయి. ఆయన పై కాగితాన్ని పూర్తిగా ఎత్తకుండా, కింది మూలలను మాత్రం ఒక్కొక్కటిగా మడుస్తూ, ఫోనులో అల్లుడితో మాట్లాడుతూనే అన్నిటిమీదా సంతకాలు చేశారు. ఇద్దరినీ ఒకే కలం కన్నది కనుక, ఇకమీదట మిమ్మల్ని అన్నగారూ అని సంబోధిస్తే తప్పుగా తీసుకోకండి.

అన్నగారూ, మీ హోదా సామాన్యమైనది కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం మీరు లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే లెక్క. బండికి ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆ తరువాత ఏటేటా మీ దర్శనం చేసుకోవాలి. మిమ్మల్ని ఇచ్చే ముందు బండిని చూడాలని కూడా ఆ చట్టమే చెప్పింది గానీ, ఆ భాగం బహుశా మా కార్యాలయపు ప్రతిలో చెదలు తిన్న పేజీలో ఉండి ఉంటుంది.

మొదటి రోజు నేను ఎలాంటి ఊహలతో వెళ్ళానో చెబితే మీరు నవ్వుతారు. తరగతిలో మాకు పుణెలో 1966 నుంచి నడుస్తున్న వాహన పరీక్షల సంస్థ ఏఆర్‌ఏఐ గురించి చెప్పారు. 2023 ఆగస్టులో ప్రారంభమైన భారత్ ఎన్‌క్యాప్ అనే కార్ల భద్రతా పరీక్ష కింద కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకు గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మ తలకూ ఛాతీకీ ఎంత దెబ్బ తగిలిందో లెక్కగట్టి నక్షత్రాలు ఇస్తారని చెప్పారు. బొమ్మకు తగిలే దెబ్బను ఇంత శ్రద్ధగా కొలిచే దేశంలో నాకూ ఏదో ఒకటి కొలిచే పని దొరక్కపోతుందా అనుకుని, టైరు గాడుల లోతు చూసే డెప్త్ గేజ్ ఒకటి సొంత డబ్బుతో కొనుక్కుని వెళ్ళాను. కార్లకూ లారీలకూ ఆ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి అంటుంది. నాలుగు వారాలూ ఆ గేజ్ నా చొక్కా జేబులోనే ఉంది. ఒకే ఒక్కసారి గుమాస్తాగారు దానిని అడిగి తీసుకుని, స్టేప్లరులో ఇరుక్కున్న పిన్ను దానితో ఊడదీసుకున్నారు.

రెండో వారంలో నాకు సాంకేతికమైన పని అప్పజెప్పారు. ఏదో సమావేశానికి పవర్‌పాయింట్ తయారు చేయాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారన్న కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కను పెద్ద అక్షరాలతో పెట్టాను. ఆ అంకె ఏ రంగులో ఉండాలన్న దానిమీద అరగంట చర్చ జరిగింది. ఎరుపు అపశకునమన్నారు, నలుపు మరీ దిగులుగా ఉందన్నారు, చివరికి ఆకుపచ్చ ఖాయమైంది.

మీ సంగతికి వస్తాను. మిమ్మల్ని పొందడానికి వచ్చే లారీలను చూస్తే నాకు మా ఊళ్ళో పెళ్ళిచూపులకు పక్కింటి నుంచి తెచ్చే అరువు నగలు గుర్తుకొచ్చేవి. కార్యాలయం గోడవారగా ఉన్న టీ బడ్డీలో టీతో పాటు ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండరు, రెండు వైపర్లు అద్దెకు దొరుకుతాయి. ఒకే పెట్టె ఒకే ఉదయం ఐదు లారీల క్యాబిన్లలోకి ఎక్కి దిగడం నేను చూశాను. దాని మూత మీద ఎవరో గోరుతో గీసిన తామరపువ్వు ఉండబట్టి గుర్తుపట్టాను. ఐదో లారీ దిగాక కుతూహలం ఆపుకోలేక తెరిచి చూస్తే, లోపల ఒక దువ్వెనా, కొంత చిల్లరా ఉన్నాయి. వెనక అంటించే రేడియం పట్టీలు మాత్రం అద్దెకివ్వరు, ఎందుకంటే ఊడదీస్తే మళ్ళీ అంటుకోవు. ఆ కారణం చేత మా జిల్లాలో రాత్రిపూట రోడ్డు మీద నిజాయతీగా మెరిసేది అదొక్కటే.

నాకిచ్చిన శాశ్వతమైన పని ఛాసిస్ నంబరు అచ్చు తీయడం. లారీ కిందికి వెల్లకిలా దూరి, గ్రీజూ మట్టీ కలిసి పేరుకున్న ఇనుప దూలాన్ని గుడ్డతో తుడిచి, దాని మీద పల్చటి కాగితం ఒత్తిపట్టి పెన్సిలుతో రుద్దితే, ముందు రెండు అక్షరాలు, తరువాత మరి కొన్ని అంకెలు, అలా మొత్తం పదిహేడూ తెల్లగా పైకి తేలతాయి. నేను అందులో ఆరితేరాను. అయితే అదే భంగిమలో, నా ముక్కుకు జానెడు దూరంలో, బ్రేకు గొట్టం మీది పగులూ, కట్టుకంబితో బిగించిన కమానుపట్టా కూడా కనబడేవి. బయటికి వచ్చి చెబితే గుమాస్తాగారు ఎంతో వాత్సల్యంతో, ‘నంబరు సరిగ్గా పడిందా లేదా, అది చెప్పు నాయనా’ అనేవారు. అక్కడ రాసుకోవడానికి నంబరుకు ఒక గడి ఉంది, పగులుకు లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మూడో వారంలో ఒక మధ్యాహ్నం, పదవీ విరమణకు దగ్గరపడిన ఇన్‌స్పెక్టరుగారొకరు నన్ను పిలిచి, చిన్న సుత్తి చేతికిచ్చి, ఒక టిప్పరు చక్రాల నట్లను వరసగా కొట్టమన్నారు. బిగువుగా ఉన్న నట్టు ఖణ్ మంటుంది. వదులైనది పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. ఆరో నట్టు దగ్గర ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, ‘ఇంకోసారి కొట్టు, కళ్ళు మూసుకో’ అన్నారు. నిజంగానే తేడా వినిపించింది. తరువాత డ్రైవరు చేత స్టీరింగు అటూ ఇటూ కదిలిస్తూ, కింద కీలు మీద నా అరచెయ్యి పెట్టించి, కంటికి కనబడని వదులు చేతికి ఎలా తెలుస్తుందో చూపించారు. పది నిమిషాలు గడిచాయో లేదో, ఆయన బల్ల మీద ఎనభై దస్త్రాలున్నాయని కబురొచ్చింది. వెళ్ళిపోయారు. నాలుగు వారాల ఇంటర్న్‌షిప్‌లో నేను నేర్చుకున్నది ఆ పది నిమిషాలే, మిగతాదంతా హాజరు. ఆయన ఉద్యోగానికి అర్హత మా డిప్లొమా, దానికి తోడు కొంతకాలం వర్క్‌షాపులో చేసిన పని, బరువు వాహనాలు నడిపే లైసెన్సు. అంటే రేపు ఆ కుర్చీలోకి రావలసింది మాలాంటివాళ్ళమే గనుక, కుర్చీ మాకు స్టేప్లరును ముందుగా అలవాటు చేస్తోందనుకోవాలి.

శిక్షణ ముగిశాక సాలూరులో మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళవలసి వచ్చింది. కొరాపుట్ దగ్గర దొరికిన లారీ, నేను స్వయంగా ఛాసిస్ నంబరు రుద్దినదే. క్యాబిన్‌లో అద్దం పక్కన ప్లాస్టిక్ కవరులో మీరు వెలిగిపోతున్నారు. మా ఇద్దరికీ ఉన్న బాంధవ్యం చెప్పి, నా ధ్రువపత్రం కూడా తీసి చూపించాను. డ్రైవరుగారు సుంకి దాటి ఘాటీ మొదలయ్యే చోట గేరు మార్చి, ‘బావూ, నీ కాయితం నువ్వు దాసుకో. ఈ గాటీలో నాకు రెండో గేరే ఎఫ్‌సీ’ అన్నారు. ఆయన చెప్పింది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. పల్లంలో బ్రేకు నొక్కుతూ దిగితే డ్రమ్ములు కాలిపోతాయి, కాలిన లైనింగు పట్టు తప్పుతుంది, అందుకే చిన్న గేరులో ఇంజను చేతనే బండిని పట్టి ఉంచాలి. మాకంటే ముందు దిగుతున్న బండి నుంచి ఆ మాడు వాసన నాలుగు మలుపుల దాకా వచ్చింది. దానికీ మీరు ఉండే ఉంటారు.

మధ్యలో టీకి ఆగినప్పుడు, చక్రాలు పూర్తిగా నిలవకముందే క్లీనరు కుర్రాడు కిందికి దూకి, సీటు కింది నుంచి తీసిన గుండ్రాయిని వెనక చక్రానికి అడ్డం పెట్టాడు. హ్యాండ్ బ్రేకు ఉందిగా అని అడిగితే, ఉందని వినయంగానే చెప్పి, రాయిని కాలితో ఇంకాస్త లోపలికి తోశాడు.

2021లో కేంద్రం యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు నియమాలు తెచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. అక్కడ చక్రాలను రోలర్ల మీదికి ఎక్కిస్తే, ఏ చక్రం బ్రేకు ఎంత బలంగా పట్టిందో యంత్రమే రాస్తుంది. అల్లుడితో ఫోనులో మాట్లాడే అలవాటు దానికి లేదు. అన్ని జిల్లాలకూ అవి వచ్చిన రోజున మీ పరువు నిలబడుతుంది. నన్ను ఎక్కించే రోలర్లు మాత్రం ఎవరూ తయారు చేయడం లేదు. కనుక ఈ తమ్ముడి మనవి ఆలకించి పైవారితో ఒక మాట చెప్పండి. వచ్చే వేసవిలో వచ్చే పిల్లలకు తలా ఒక సుత్తి ఇప్పించండి. లారీ కింద వాళ్ళకు కనబడినది రాసుకోవడానికి ఫారంలో ఒక్క గడి, పెన్సిలుతో రాసేదైనా సరే, పెట్టించండి. ధ్రువపత్రంలో ‘సంతృప్తికరము’ అన్న మాట తీసేసి, ఎన్ని బండ్లు చూశాడు, ఎన్నిటిలో ఏం కనిపెట్టాడు అని అంకెలు వేయించండి. నా విషయంలో ఆ అంకెలు ఒక టిప్పరు, ఒక నట్టు అవుతాయి. దానికి నేను సిగ్గుపడను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడైన తమ్ముడు,
ఇరవై ఎనిమిది రోజుల మాజీ శిక్షణార్థి

జతపరచినవి: ఛాసిస్ నంబరు పెన్సిలు అచ్చు ఒకటి. ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం నకలు ఒకటి. క్లీనరు ఇంకోటి ఏరుకుంటానని నాకిచ్చేసిన గుండ్రాయిని కూడా పంపుదామనుకున్నాను గానీ, తపాలా కార్యాలయంలో దానిని నిజంగానే కాటా మీద పెట్టి తూచి, బరువు ఎక్కువైందని తిప్పి ఇచ్చారు.